పల్లెకు లెక్క రాసిన ఆడిటర్ - జె.సి. కుమారప్ప

మన సంఘం స్వర్ణోత్సవ సంచికకు నా వృత్తికి సంబంధించిన విషయం ఏదైనా రాయమని సంపాదక వర్గంలోని మిత్రులు అడిగారు. ధాన్యం, నూనెగింజలు, పప్పులు ఆడించే చిన్న మిల్లులు డిజైన్ చేసి బిగించడం నా పని. దాని గురించి రాస్తే బేరింగులూ హార్స్‌పవర్లూ తప్ప ఏమీ మిగలదు. అందుకని ఆ పనిలో నాకు బాగా ఉపయోగపడిన ఒక మనిషి జీవితం రాస్తున్నాను. ఆయన ఇంజనీరు కాదు, రైతూ కాదు. లండన్‌లో తర్ఫీదు పొందిన ఆడిటర్. పేరు జోసెఫ్ కార్నీలియస్ కుమారప్ప. బడిలో ఆయన గురించి చదువుకున్న గుర్తు నాకు లేదు. మన మాస్టార్లలో ఎవరైనా చెప్పి ఉంటే నేను ఆ రోజు క్లాసులో లేననుకోవాలి.

ఆయన గురించి ఇప్పుడు రాయడానికి ఇంకో కారణం ఉంది. మన పూర్వ విద్యార్థుల్లో కొందరు ఊళ్లో రైతులతో కలిసి ఉత్పత్తిదారుల సంఘం పెట్టే ప్రయత్నంలో ఉన్నారు. ఎంత పెద్ద నూనె మిల్లు కొనాలి, ఎంతలో వస్తుంది అని నన్ను అడుగుతున్నారు. వాళ్లకు కొటేషన్ ఇచ్చే ముందు ఈ కథ చెప్పాలనిపించింది.

కుమారప్ప 1892 జనవరి 4న తంజావూరులో క్రైస్తవ కుటుంబంలో పుట్టారు. తండ్రి ప్రజాపనుల శాఖలో ఉద్యోగి. తల్లి భక్తురాలు, పిల్లల క్రమశిక్షణ విషయంలో గట్టి మనిషి. అప్పట్లో ఆ ఇంటి పేరు కార్నీలియస్. మద్రాసులో చదువు అయ్యాక ఇరవై ఏళ్ల వయసులో లండన్ వెళ్లి అకౌంటెన్సీ నేర్చుకుని, మొదటి ప్రపంచయుద్ధం రోజుల్లో అక్కడే పనిచేశారు. 1919లో తిరిగి వచ్చి బొంబాయిలో ఆడిట్ ప్రాక్టీసు పెట్టారు. సంపాదన బాగుంది, వేషభాషలు పూర్తిగా దొరల పద్ధతి. అక్కడే ఆగిపోయి ఉంటే బొంబాయిలో ఇంకో పెద్ద ఆడిటర్ అయ్యేవారు, అంతే.

1927లో అమెరికా వెళ్లారు. సిరక్యూస్ విశ్వవిద్యాలయంలో వ్యాపార నిర్వహణ చదివి, ఆ తరువాత న్యూయార్కులో కొలంబియా విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్ సెలిగ్మన్ దగ్గర ప్రభుత్వ ఆదాయ వ్యయాల మీద పరిశోధన చేశారు. భారతదేశం ఎందుకు పేదగా ఉందన్న విషయం మీద ఒక చర్చిలో ఉపన్యాసం ఇస్తే అది పత్రికలో వచ్చింది. అది చూసి ప్రొఫెసరే ఆ విషయం మీద పరిశోధనా వ్యాసం రాయమన్నారు. సర్కారు లెక్కల పుస్తకాలు ముందేసుకుని కూర్చుంటే అంతవరకూ తెలియనిది తెలిసింది. వసూలైన పన్నులో సైన్యానికీ, అప్పుల వడ్డీలకూ పోయేది ఎంతో, కట్టినవాడి ఊరికి తిరిగి వచ్చేది ఎంత తక్కువో అంకెల్లో కనబడింది. దొరల మీద ఆయన అభిమానం పోవడానికి కారణం ఉపన్యాసాలో ఊరేగింపులో కావు, ఆ ఖాతాలు. కుటుంబంలో తాతల నాటి కుమారప్ప అనే పేరును ఆ రోజుల్లోనే తిరిగి పెట్టుకున్నారు.

ఆ వ్యాసాన్ని అచ్చు వేయించాలని 1929 మే నెలలో సబర్మతి ఆశ్రమానికి వెళ్లారు. ఖరీదైన దుస్తుల్లో వెళ్లిన ఆయనకు చెట్టు కింద అలికిన నేల మీద కూర్చుని రాట్నం వడుకుతున్న ముసలాయన కనిపించారు. ఆయనే గాంధీజీ అని కాసేపటికి గాని తెలియలేదు. తెలిశాక ఆ బట్టలతోనే నేల మీద కూర్చున్నారు. గాంధీజీ ఆ వ్యాసాన్ని తన యంగ్ ఇండియా పత్రికలో ధారావాహికగా వేయడానికి ఒప్పుకుని, వెంటనే ఒక పని అప్పగించారు. గుజరాత్‌లో ఖేడా జిల్లా మాతర్ తాలూకాలోని పల్లెల ఆర్థిక పరిస్థితిని ఇంటింటికీ తిరిగి లెక్క కట్టాలి. సాయానికి గుజరాత్ విద్యాపీఠం విద్యార్థులు వస్తారు.

కుమారప్పకు గుజరాతీ రాదు. పల్లె అంటే ఏమిటో దగ్గరగా చూసిన మనిషీ కాదు. అయినా ఆ శీతాకాలమంతా విద్యార్థులతో యాభైకి పైగా ఊళ్లు తిరిగించి పొలం ఎంత, ఎద్దులెన్ని, పంట ఎంత, శిస్తు ఎంత, అప్పు ఎవరి దగ్గర, తిండికి ఏం ఖర్చు అని రాయించారు. కంపెనీకి లాభనష్టాల ఖాతా తయారు చేసినట్టే రైతు కుటుంబానికి ఖాతా తయారు చేశారు. కంపెనీ అయితే ఎప్పుడో దివాళా తీసి ఉండేది. రైతు మాత్రం తన ఒంటిని, ఎద్దును, నేలను అరగదీసుకుంటూ లెక్క సరిపెడుతున్నాడు. ఆ నివేదిక 1931లో అచ్చయింది. నా దృష్టిలో ఆయన తరువాతి జీవితమంతా ఆ ఖాతాకు కొనసాగింపే. యంత్రానికి అరుగుదల రాసుకునే పద్ధతి ఆడిటర్‌కు తెలుసు. నేలకూ పశువుకూ మనిషికీ కూడా అరుగుదల రాయాలని ఆయన పట్టుబట్టారు.

ఉప్పు సత్యాగ్రహం రోజుల్లో యంగ్ ఇండియా సంపాదక బాధ్యత చూసి జైలుకు వెళ్లారు. బయటికి వచ్చి మళ్లీ వెళ్లారు. ఈ జైలు యాత్రల గురించి ఎక్కువ రాయను, ఆ తరంలో అందరి జీవితాల్లోనూ అవి ఉన్నాయి. 1934 బీహారు భూకంపం సంగతి మాత్రం చెప్పాలి. సహాయ నిధికి దేశమంతటి నుంచి డబ్బు వచ్చి పడింది. లెక్కలు చూడడానికి రాజేంద్ర ప్రసాద్ గారు కుమారప్పను పిలిపించారు. స్వచ్ఛంద సేవకుడి తిండి ఖర్చు రోజుకు మూడణాలు దాటకూడదని ఆయన నియమం పెట్టారు. గాంధీజీ తన పరివారంతో పాట్నా వచ్చినప్పుడు వారి భోజనాలూ ప్రయాణాల ఖర్చూ సహాయ నిధి నుంచి ఇవ్వనని, సొంతంగా చూసుకోవాలని చెప్పేశారు. గాంధీజీ తప్పు పట్టలేదు. అంత నిక్కచ్చి మనిషి కావాలనే ఆ సంవత్సరం డిసెంబరులో మొదలైన అఖిల భారత గ్రామోద్యోగ సంఘానికి ఆయనను కార్యదర్శిగా పెట్టారు.

సంఘం కేంద్రం వార్ధాలో. జమ్నాలాల్ బజాజ్ గారు ఇచ్చిన తోటకు, కాలం చేసిన మగన్‌లాల్ గాంధీ పేరు మీద మగన్‌వాడి అని పేరు పెట్టారు. మామూలుగా గాంధేయవాదుల చరిత్రల్లో ఇక్కడి నుంచి ఆదర్శాలూ ప్రార్థనలూ మొదలవుతాయి. నన్ను ఆకర్షించింది మగన్‌వాడిలోని వర్క్‌షాపు. గానుగ, తిరగలి, దంపుడు రోకలి, కాగితం తొట్టి, తేనెపెట్టె, పొయ్యి, దీపం - ఒక్కొక్కటి విప్పి, కొలిచి, మార్చి, మళ్లీ బిగించి చూసేవారు. ఆ పని చేసినవాళ్లు వేరు. గానుగ మీద ఝవేర్‌భాయ్ పటేల్, తాటి బెల్లం మీద గజానన్ నాయక్ ఏళ్ల తరబడి పనిచేశారు. కుమారప్ప చేసింది, ప్రతి పరికరం వెనక లెక్క అడగడం. ముడిసరుకు ఎక్కడిది, సరుకు ఎవరు కొంటారు, మిగిలిన పిప్పి ఎక్కడికి పోతుంది, డబ్బు ఎవరి చేతిలో ఆగుతుంది?

గానుగ సంగతే తీసుకుందాం. ఎద్దు గానుగ గింజలోని నూనె అంతా పిండలేదు. 100 కిలోల వేరుశనగ పప్పు వేస్తే సుమారు 40 కిలోల నూనె దిగుతుంది. ఎక్స్‌పెల్లర్‌లో ఇంకో నాలుగైదు కిలోలు ఎక్కువ వస్తుంది. ఇంజనీరుగా చూస్తే గానుగ ఓడిపోయినట్టే. కుమారప్ప లెక్క అక్కడ ఆగదు. ఆ నాలుగైదు కిలోల నూనె చెక్కలో ఉంది, చెక్క ఊళ్లో ఉంది, ఎద్దూ గేదే దాన్ని తింటాయి, పేడగా అది పొలానికి చేరుతుంది. అదే గింజను పట్నం మిల్లుకు అమ్మితే నూనెతో పాటు చెక్క కూడా ఊరు దాటిపోతుంది. ఇంకా దూరం, ఓడ ఎక్కించి పై దేశానికి పంపితే నేల సారమే ఎగుమతి అవుతుంది. ఈ మాటను నేను ఒకసారి నా పద్ధతిలో లెక్క కట్టి చూశాను. వేరుశనగ చెక్కలో నత్రజని దాదాపు 7 శాతం. 100 కిలోల పప్పుకు 55 కిలోల చెక్క అనుకుంటే అందులో నాలుగు కిలోలకు కాస్త తక్కువ నత్రజని, అంటే ఎనిమిది కిలోల పైచిలుకు యూరియాతో సమానం. పంట అమ్మిన రైతు ఆ ఎనిమిది కిలోలకు విడిగా ధర అడగడు, కొన్నవాడు ఇవ్వడు. వచ్చే ఏడు మాత్రం రైతు బస్తా కొనుక్కోవాలి.

బియ్యం విషయంలో ఆయన వాదన మన జిల్లాలను నేరుగా తాకుతుంది. ఆ రోజుల్లో ఉత్తర సర్కారు జిల్లాల్లో, అంటే మన కోస్తాలో, బెరిబెరి జబ్బు ఎక్కువ. కాళ్లు పట్టు తప్పి, ఒళ్లు వాచి, గుండె చెడి మనుషులు పోయేవారు. కూనూరులో ప్రయోగశాల నడిపిన డాక్టర్ మెక్‌కారిసన్ వంటివారు ఇక్కడి బియ్యం మీద పరిశోధనలు చేశారు. మరలో తెల్లగా పాలిష్ పట్టిన పచ్చి బియ్యంలో తవుడుతో పాటు బి1 విటమిన్ పోతుందన్నది అందులో తేలిన విషయం. మర ఆడించే సరదా ముందుగా పట్టుకున్న ధనిక వరి జిల్లాల్లోనే ఆ జబ్బు కనబడడం విడ్డూరం. గ్రామోద్యోగ సంఘం దంపుడు బియ్యం ప్రచారం చేసింది ఇందుకే. కుమారప్పకు అందులో ఇంకో రెండు లెక్కలు కనిపించాయి. దంపడం వల్ల ఊళ్లో కూలి దొరుకుతుంది, తవుడు ఊళ్లో గొడ్లకు మిగులుతుంది.

ఇక్కడ నేను ఆయనతో పూర్తిగా ఏకీభవించను. దంపుడు పని చేసింది ఆడవాళ్లు. రోకలి పోటు ఎంత కష్టమో మా అమ్మమ్మ చేతులు చూసిన నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. మర వచ్చినప్పుడు ఆ తరం ఆడవాళ్లు ఊపిరి పీల్చుకున్నారు. పట్నంలో కూర్చున్న ఏ ఆడిటరూ దాన్ని కాదనలేడు. పొట్టు తీసే చిన్న మోటారు మర పెట్టి, పాలిష్ మాత్రం మానేస్తే సరిపోయేదన్నది నా అభిప్రాయం. అయితే ఆయన చెప్పకుండానే ఆయన లెక్కలో ఉన్న ఒక సాంకేతిక నిజం నాకు చాలా ఆలస్యంగా తట్టింది. తవుడులో నూనె ఉంది, దాన్ని విరిచే ఎంజైమూ ఉంది. పాలిష్ పట్టని బియ్యం నిలవ ఉంటే ముక్కవాసన వస్తుంది, పురుగు తొందరగా పడుతుంది. కాబట్టి దంపుడు బియ్యం వ్యాపారం దగ్గరి వినియోగదారుడితోనే నడుస్తుంది. ఈ వారం ఆడించి ఈ నెలలో తినేయాలి. గానుగ నూనె అంతే. చిన్న పరిశ్రమ ఎంత పెద్దదిగా ఉండాలో మోటారు సైజు చెప్పదు, సరుకు చెడకుండా ఎంత దూరం పోగలదో అది చెబుతుంది. గత ఇరవై ఏళ్లలో తాళాలు పడిన చిన్న మిల్లు షెడ్లు ఎన్నో చూశాను. సబ్సిడీ వచ్చింది కదా అని ముందు యంత్రం కొన్నారు. కొనేవాడి గురించి తరువాత వెతికారు. యంత్రంలో లోపం ఉన్న షెడ్లు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

తాటి బెల్లం కథ ఇంకా బాగుంటుంది. చెరకు మంచి నేల అడుగుతుంది, ఏడాది పొడవునా నీళ్లు అడుగుతుంది. తాడి, ఈత చెట్లు గట్ల మీద, బీడుల్లో ఎవరూ నీళ్లు పోయకుండా పెరుగుతాయి. అన్నం పండే నేలను తీపికి కేటాయించడం ఎందుకని కుమారప్ప ప్రశ్న. పైగా 1937లో కాంగ్రెసు మంత్రివర్గాలు వచ్చి మద్యనిషేధం మొదలుపెట్టాక కల్లుగీత కుటుంబాల బతుకు ప్రశ్న తలెత్తింది. అదే చెట్టు, అదే మనిషి, అదే మోకు. కుండకు లోపల సున్నం పూస్తే నీరా పులియదు. తెల్లవారకముందే దించి కాచితే బెల్లం. పెట్టుబడి దాదాపు లేదు, నైపుణ్యం చేతిలోనే ఉంది. మార్చాల్సిందల్లా కుండకు సున్నం, కాగడానికి మంచి పొయ్యి, బెల్లం కొనేవాడు. ఈ మూడింటిలో మూడోదే కష్టమైందని తరువాతి చరిత్ర చెబుతోంది.

దీపం గురించి ఒక్క మాట. కిరోసిన్ పైనుంచి వస్తుంది, దానికి పల్లె డబ్బు బయటికి పోతుంది, కాబట్టి ఊళ్లో పండే నూనెతో లాంతరు వెలిగించాలని మగన్ దీపం తయారు చేశారు. గింజల నూనె చిక్కన, కిరోసిన్‌లా వత్తిలో పైకి ఎగబాకదు. అందుకని నూనె మట్టం మంటకు దగ్గరగా ఉండేలా మార్చాలి. ఇదంతా ఇప్పుడు మనకు చాదస్తంగా అనిపించవచ్చు. కరెంటు వచ్చాక దాని అవసరం తీరిపోయింది కూడా. ఆయన చేసినవన్నీ నిలిచాయని నేను చెప్పడం లేదు.

గ్రామోద్యోగ సంఘం పని మీద ఆయన దేశమంతా తిరిగారు. మన రాజమండ్రి రత్నం సోదరులు తయారుచేసిన స్వదేశీ ఫౌంటెన్ పెన్ను గాంధీజీకి చేరింది కుమారప్ప ద్వారానే. విదేశీ పెన్నులకు ఇది బదులు కాగలదని మెచ్చుకుంటూ గాంధీజీ 1935లో రత్నం గారికి ఉత్తరం రాశారు. మన బడి రోజుల్లో ఆ పెన్ను జేబులో ఉన్న మాస్టారికి విద్యార్థుల్లో ప్రత్యేకమైన గౌరవం ఉండేది, అది మీకూ గుర్తుండే ఉంటుంది.

1938లో సుభాస్ చంద్ర బోస్ కాంగ్రెసు అధ్యక్షుడిగా ఉండగా, నెహ్రూ నాయకత్వంలో జాతీయ ప్రణాళికా సంఘం ఏర్పడింది. కుమారప్ప అందులో చేరి కొద్ది నెలల్లోనే బయటికి వచ్చేశారు. భారీ పరిశ్రమలే ముందు అన్న ఆ దారి ఆయనకు నచ్చలేదు. ఆయనకు ముక్కుమీద కోపం. సభల్లో పెద్దవాళ్లను కూడా మొహం మీద కడిగేసేవారు. పెళ్లి చేసుకోలేదు, సొంత సంసారం లేదు, ఎవరికీ మొగమాటపడే అవసరం లేదు. ఈ గుణమే బీహారులో ఆయనను నిలబెట్టింది, ఢిల్లీలో ఒంటరిని చేసింది. కాస్త సర్దుకుపోయే స్వభావం ఉంటే స్వతంత్రం వచ్చాక ఆయన మాట ఎక్కువ చెల్లేదేమో అని నాకు అప్పుడప్పుడు అనిపిస్తుంది.

క్విట్ ఇండియా కాలంలో మళ్లీ జైలు, ఈసారి జబల్‌పూర్. అక్కడ రాసిన పుస్తకమే ఎకానమీ ఆఫ్ పర్మనెన్స్, అంటే శాశ్వతంగా నిలిచే ఆర్థిక వ్యవస్థ అని చెప్పుకోవచ్చు. 1945లో వచ్చింది. ముందుమాట గాంధీజీది. సుస్థిర అభివృద్ధి అనే మాటను సెమినార్లలో వాడడం మొదలుపెట్టడానికి ఇంకా నలభై ఏళ్లు ఉంది. అందులో ఆయన సంపదను రెండు రకాలుగా విడదీశారు. బొగ్గు, పెట్రోలు, ఖనిజాలు చెరువులో నిలిచిన నీళ్లలాంటివి, తోడినకొద్దీ తరుగుతాయి. వాటి కోసమే దేశాలు కొట్టుకుంటాయి. అడవి, పంట, పశువు పారే కాలువలాంటివి. మోతాదు మించకుండా వాడుకుంటే ఏటా వస్తూనే ఉంటాయి. మనుషుల వ్యాపారాలను ఆయన జంతువులతో పోల్చారు. చంపి తినే పులి, నాటని తోటలో పండు కోసుకునే కోతి, తన గూడు తాను అల్లుకునే గిజిగాడు, తుట్టెలోని అందరి కోసం తేనె కూడబెట్టే తేనెటీగ, చివరగా తిరిగి ఏమీ ఆశించకుండా పిల్లలకు మేత తెచ్చే తల్లి పక్షి. తేనెటీగను ఎంచుకోవడం ఊరికే కాదు. అది పువ్వు నుంచి తీసుకుంటూనే పరాగాన్ని చేరవేసి పంట పెంచుతుంది. మగన్‌వాడిలో తేనెపెట్టెల పని చేయించిన మనిషికి ఆ సంగతి పుస్తకాల ద్వారా తెలిసింది కాదు.

డబ్బు గురించి ఆయన చెప్పిన పోలిక ఒకటి మార్కెట్ యార్డుకు వెళ్లిన ప్రతిసారీ గుర్తుకు వస్తుంది. అరటిపండ్లు అమ్మే మనిషి దగ్గర ఉన్న సరుకు రేపటికి మెత్తబడుతుంది, ఎల్లుండికి కుళ్లుతుంది. కొనేవాడి చేతిలోని నాణెం కుళ్లదు. అందుకని బేరంలో ఎప్పుడూ నాణెం ఉన్నవాడిదే పైచెయ్యి. దీనికి ఆయన చూపిన ఉపాయం బహుళార్థసాధక సహకార సంఘం. పంటను ఊళ్లోనే గిడ్డంగిలో నిలవ చేయాలి, దాని మీద రైతుకు జమ చూపాలి, శిస్తు కూడా ధాన్యంలో కట్టే వీలు ఉండాలి. గిడ్డంగి కట్టి, తేమ తగ్గించి, పురుగు పట్టకుండా చూసుకుంటే అరటిపండు నాణేనికి కొంత దగ్గరవుతుంది. నా మిత్రుల సంఘానికి నేను మొదట గీసి ఇచ్చిన డ్రాయింగు నూనె మిల్లుది కాదు, ఆరబోత కళ్లానిదీ గోదాముదీ. వాళ్లు కాస్త నిరుత్సాహపడిన మాట నిజం.

లక్ష జనాభా ఉన్న ప్రాంతాన్ని ఒక యూనిట్‌గా తీసుకుని, ఆ జనానికి కావలసిన ధాన్యం, పప్పు, కూరగాయలు, నూనె, పాలు, బట్ట ఆ ప్రాంతంలోనే పండేలా భూమిని కేటాయించాలని ఒక పట్టిక కూడా తయారు చేశారు. మిల్లులకు పనికివచ్చే మందపు తొక్క చెరకు, పొగాకు వంటివి తిండి నేలను మింగుతున్నాయని ఆయన ఆక్షేపణ. పొగాకు బ్యారన్ల మీద డబ్బు చూసిన మన ప్రాంతం వాళ్లకు ఈ మాట రుచించదు. నా ఫీజులు కట్టిందీ పొగాకు డబ్బే. రైతుకు చేతికి నాలుగు రూపాయలు వచ్చే పంటను ఏ పట్టికా ఆపలేదని నా నమ్మకం. కానీ కొనుగోలుదారు వేలం నుంచి తప్పుకున్న ఏడాది ఊరు ఏమవుతుందో చూసినవాళ్లకు ఆయన భయం అర్థమవుతుంది.

స్వతంత్రం వచ్చాక కాంగ్రెసు నియమించిన వ్యవసాయ సంస్కరణల కమిటీకి ఆయన అధ్యక్షులు. 1949లో నివేదిక ఇచ్చారు. మధ్యవర్తులు పోవాలి, దున్నేవాడికి భూమి ఉండాలి, కమతాలకు గరిష్ఠ పరిమితి ఉండాలి, మరీ చిన్న కమతాలను కలిపి ఉమ్మడిగా సాగు చేయాలి అన్నవి ముఖ్య సిఫార్సులు. కమిటీ సభ్యుల్లో మన ఎన్.జి. రంగా గారు ఒకరు. ఆయన విభేదిస్తూ విడిగా అభిప్రాయం రాశారు. రైతు తన కమతం మీద తానే యజమానిగా ఉండాలి, సహకారం విత్తనానికీ అప్పుకూ అమ్మకానికీ సరిపోతుందన్నది రంగా గారి జీవితకాలపు వైఖరి. పదేళ్ల తరువాత ఉమ్మడి సాగు ప్రశ్న మీదే ఆయన కాంగ్రెసుకు దూరమై రాజాజీతో కలిసి స్వతంత్ర పార్టీ వైపు నడిచారు. ఇద్దరూ పల్లెను ప్రేమించినవాళ్లే. ఉమ్మడి సాగు విషయంలో చరిత్ర రంగా గారి వైపు నిలిచింది. ఉమ్మడి నిలవ, ఉమ్మడి మిల్లు, ఉమ్మడి అమ్మకం విషయంలో మాత్రం ఇద్దరి దారీ ఒకటే. నేడు రైతు ఉత్పత్తిదారుల సంస్థలు అంటున్నవన్నీ ఆ దారిలోవే.

ట్రాక్టరుకూ రసాయన ఎరువుకూ ఆయన గట్టి వ్యతిరేకి. ట్రాక్టరు దున్నుతుంది గాని పేడ వేయదు, దూడను కనదు, చమురు మాత్రం కొత్తగా అడుగుతుంది. నేడు అరకకు ఎద్దుల జత దొరకడమే గగనమైన ఊళ్లలో ఈ వాదన వినేవాళ్లు తక్కువ. నేల పిడచకట్టుకుపోతోందని, ఎరువు బస్తాలు పెంచినా దిగుబడి పెరగడం లేదని అదే ఊళ్లలో రైతులు చెబుతుంటే వింటున్నాను. ప్రకృతి వ్యవసాయం చేస్తున్న మన జిల్లాల రైతులు కుమారప్ప పేరు విని ఉండకపోవచ్చు, చేస్తున్న లెక్క ఆయనదే.

1950లలో ఆరోగ్యం దెబ్బతింది, రక్తపోటు బాధించింది. చైనా, జపాన్, రష్యాలు చూసి వచ్చారు. వార్ధా దగ్గర సేల్దో అనే పల్లెలో ఆశ్రమం పెట్టి సాగు ప్రయోగాలు చేశారు. తరువాత మదురై జిల్లా కల్లుపట్టిలోని గాంధీ నికేతన్‌కు మకాం మార్చి చిన్న ఇంట్లో ఉన్నారు. అక్కడ ఆయన గదికి వచ్చినవాళ్లకు రెండు పటాలు చూపించేవారట. ఒకటి గాంధీజీది, తన గురువు. రెండోది పేరు తెలియని ఒక పేద రైతుది, తన గురువుకు గురువు.

కుమారప్ప 1960 జనవరి 30న, గాంధీజీ వర్ధంతి రోజునే కన్నుమూశారు. అప్పటికి ఢిల్లీలో ఆయనను తలుచుకునేవాళ్లు తక్కువ. పదమూడేళ్ల తరువాత ఇంగ్లండులో షుమాకర్ అనే ఆర్థికవేత్త స్మాల్ ఈజ్ బ్యూటిఫుల్ అనే పుస్తకం రాసి ప్రపంచమంతా పేరు తెచ్చుకున్నారు. అందులో కుమారప్ప మాటలను ఉదహరించారు. నేను కుమారప్ప పేరు మొదటిసారి చదివింది ఆ పుస్తకంలోనే, ఇంజనీరింగ్ కాలేజీ లైబ్రరీలో. ఆయన పుస్తకాలు ఇప్పుడు గాంధీ సాహిత్యం అమ్మే దుకాణాల్లో తక్కువ ధరకే దొరుకుతున్నాయి. ఎకానమీ ఆఫ్ పర్మనెన్స్ రెండు ప్రతులు మన బడి లైబ్రరీకి ఇచ్చాను. మిల్లు కొటేషన్ కావాలన్న మిత్రులు ముందు అది చదివి రావాలని మనవి.